ఐ7 లేకపోతే స్ట్రీమింగ్ సాగదా?

ప్రశ్న: మాది ఖమ్మం. ఉద్యోగంలో చేరి ఏడాదిన్నర అయింది. గేములు ఆడుతూ, తెలుగులో వ్యాఖ్యానం చెబుతూ యూట్యూబ్‌లో ప్రత్యక్ష ప్రసారం చేయాలని కోరిక. లక్షా పదివేలు కూడబెట్టాను. పాత మానిటర్ ఒకటి ఉంది. ఊళ్లో ఒక షాపువాళ్లు ఇచ్చిన కొటేషన్ ఇది: ఐ7 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 8 జీబీ గ్రాఫిక్స్ కార్డు, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ, లిక్విడ్ కూలర్, ఏడు ఫ్యాన్ల గాజు క్యాబినెట్, 500 వాట్ల ఎస్‌ఎంపీఎస్. ఐ7 కంటే తగ్గితే గేమూ స్ట్రీమింగూ ఒకేసారి సాగవని అంటున్నారు. డాలస్‌లో ఉన్న మా బావ సంక్రాంతికి వస్తున్నారు, గ్రాఫిక్స్ కార్డు అక్కడి నుంచి తెప్పించుకుంటే చవక అని స్నేహితుల మాట. కరెంటు బిల్లు తలచుకుని అమ్మ భయపడుతోంది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, ఖమ్మం

సమాధానం: మీ కొటేషన్‌ను రెండుసార్లు చదివాను. ఏడు వస్తువులున్నాయి, ఒక్కదానికీ పూర్తి పేరు లేదు. పెళ్లిసంబంధం చెప్పేవాళ్లు "అబ్బాయి ఇంజనీరు, సొంత ఇల్లు ఉంది" అని ఊరూ ఇంటిపేరూ దాటవేసినట్టుంది. ఈ కాగితం చూసి ధర ఎక్కువో తక్కువో చెప్పడం ఎవరి తరమూ కాదు. ముందు దాన్ని తిరిగిచ్చేసి, ప్రతి వస్తువుకూ కంపెనీ పేరు, మోడల్ నంబరు రాసి ఇమ్మనండి. రాసివ్వడానికి నసిగితే ఆ షాపు మెట్లు దిగిపోండి.

ఐ7 అన్న మాటే చూడండి. 2013లో వచ్చిన ఐ7-4770 కూడా ఐ7నే, 2024లో వచ్చిన ఐ7-14700 కూడా ఐ7నే. మొదటిదానిలో 4 కోర్లు, రెండోదానిలో 20. మొదటిదాన్ని విండోస్ 11 అధికారికంగా ఒప్పుకోదు కూడా, ఇంటెల్ ప్రాసెసర్లలో ఎనిమిదో తరం నుంచే దానికి ప్రవేశం. ఐదో తరగతిలో ఫస్టు ర్యాంకూ ఇంటర్‌లో ఫస్టు ర్యాంకూ రెండూ ఫస్టే కదా, అలాంటిదే ఇది. ఆ అంకె ఒక తరంలో ప్రాసెసర్ స్థాయి ఎంతో చెబుతుంది, ఏ తరమో చెప్పదు. పాత కంప్యూటర్లు విప్పి మళ్లీ బిగించి అమ్మే చోట "ఐ7, 16 జీబీ" అన్న బోర్డు పెద్దగా ఉండడానికి కారణం ఇదే. మీ షాపువాళ్లది ఆ ఉద్దేశమని అనడం లేదు. కానీ అడగనిదే తెలియదు. ఒకవేళ అది 13, 14 తరాల ఐ7 అయితే ఇంకొక ప్రశ్న అడగాలి. ఆ తరాల పెద్ద ప్రాసెసర్లు కొన్ని ఎక్కువ వోల్టేజి తీసుకుని క్రమంగా అస్థిరంగా మారాయి. 2024 ఆగస్టులో ఇంటెల్ సవరణ విడుదల చేసి, వారంటీని మరో రెండేళ్లు పెంచింది. కాబట్టి మదర్‌బోర్డు బయాస్ (బోర్డులోనే ఉండి దాన్ని నడిపే చిన్న సాఫ్ట్‌వేర్) ఆ సవరణ తర్వాతిదేనా అన్నది తేల్చుకోవాలి.

ఇక అసలు సంగతి. స్ట్రీమింగ్‌కు ఐ7 కావాలన్న మాట గాలిలోంచి పుట్టలేదు, ఒకప్పుడు నిజమే. మీ తెర మీద 1920×1080 చుక్కల బొమ్మ సెకనుకు 60 సార్లు మారుతుంది. ఆ బొమ్మలను ఉన్నవి ఉన్నట్టు పంపాలంటే సెకనుకు దాదాపు 3 గిగాబిట్లు కావాలి. ఇంటి నుంచి మీరు పంపేది సుమారు 6 మెగాబిట్లు. అంటే బండెడు గడ్డిని పిడికెడు చేసి పంపాలి, 500 వంతుల్లో ఒక వంతుకు కుదించాలి, అదీ ఆట ఆగకుండా. ఈ కుదింపునే ఎన్‌కోడింగ్ అంటారు. పూర్వం ఈ చాకిరీ అంతా ప్రాసెసరే చేసేది. గేముకు కావలసిన కోర్లనే ఎన్‌కోడింగ్ కూడా లాక్కునేది కాబట్టి 8 కోర్లు కొనేవాళ్లు. డబ్బున్నవాళ్లు ఆటకొకటి, ప్రసారానికొకటి అని రెండు కంప్యూటర్లు పెట్టుకునేవాళ్లు.

ఆ పని కోసం గ్రాఫిక్స్ కార్డులోనే విడిగా ఒక చిన్న సర్క్యూట్ ఉంటుంది. ఈ కార్డుల కంపెనీల్లో ఒకటైన ఎన్విడియా 2012లోనే దాన్ని మొదలుపెట్టింది, పేరు ఎన్‌వెంక్. తొలి రోజుల్లో దాని బొమ్మ అలుక్కుపోయినట్టు ఉండేది, అందుకే స్ట్రీమర్లు దాని జోలికి పోలేదు. 2018లో ట్యూరింగ్ తరం కార్డులతో నాణ్యత ఒక్కసారిగా పెరిగింది. ఆటను గీసే భాగం వేరు, ఈ సర్క్యూట్ వేరు కాబట్టి ఆట వేగం కొద్దిగానే తగ్గుతుంది. ప్రాసెసర్‌కు దాదాపు తెలియనే తెలియదు. ఎన్విడియా 50 వరుసలో చిన్న కార్డుకూ పెద్ద కార్డుకూ ఎన్‌కోడర్ తరం ఒకటే. పెద్దవాటిలో రెండో మూడో ఉంటాయి, మీకు ఒకటి చాలు. షాపువాళ్ల మాట పదేళ్ల నాటిది. ఐ7కు పెట్టబోయే అదనపు డబ్బు మీ జేబులోనే ఉండనివ్వండి, ఖర్చు పెట్టే చోట్లు ముందున్నాయి.

గ్రాఫిక్స్ కార్డు మీద కాస్త ఎక్కువసేపు ఆగుదాం, మీ డబ్బులో మూడో వంతుకు పైగా దానికే పోతుంది మరి. "8 జీబీ గ్రాఫిక్స్ కార్డు" అంటే ఏమీ చెప్పనట్టే. 8 జీబీ కార్డులు నానా రకాలు. పైగా ఒకే పేరుతో రెండు సరుకులు అమ్మడం ఈ పరిశ్రమకు అలవాటు. ఎన్విడియాలో ఆర్‌టీఎక్స్ 3050 అని 8 జీబీది ఉంది, 6 జీబీది ఉంది. తేడా మెమరీ ఒక్కటే అనుకుంటాం, కానీ 6 జీబీదానిలో గీసే కోర్లు కూడా తక్కువ. ఆర్‌టీఎక్స్ 5060 టీఐ 8 జీబీ, 16 జీబీ రెండు రకాలు. పోటీ కంపెనీ ఏఎమ్‌డీ వాళ్ల ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ కూడా అంతే. పెట్టె చేతికి రాగానే ముందు ఆ అంకె చూడాలి.

8 జీబీ చాలదా అంటే, ఈ రోజుకు చాలా గేములకు చాలుతుంది. మీరు వాలరెంట్ లాంటి పోటీ గేములే ఆడతానంటే 8 జీబీ ఆర్‌టీఎక్స్ 5060 నిక్షేపంగా సరిపోతుంది, డబ్బు మిగులుతుంది. కొత్తగా వచ్చే పెద్ద కథల గేములను గరిష్ఠ వివరాలతో ఆడితే మాత్రం 1080పీలోనే 8 జీబీ నిండిపోతోంది. స్ట్రీమింగ్ చేసేవాడు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. ప్రసారాన్ని నడిపే ఓబీఎస్ సాఫ్ట్‌వేర్, బ్రౌజర్, రెండో తెర కూడా ఆ మెమరీలోనే తలా కాస్త కూర్చుంటాయి. నిండాక మిగిలింది ర్యామ్‌లోకి పొర్లుతుంది, అక్కడి నుంచి తెచ్చుకునేటప్పుడు ఆట తడబడుతుంది. చూసేవాళ్లకు ఆ తడబాటు మీకంటే బాగా కనిపిస్తుంది. అందుకే నా ఓటు 16 జీబీకి. 5060 టీఐ 16 జీబీ అందితే ఎన్విడియా ఎన్‌కోడర్ దొరుకుతుంది. చేయి అందకపోతే ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ 16 జీబీ తీసుకోండి. ఏఎమ్‌డీ కార్డుల ఎన్‌కోడర్, ముఖ్యంగా పాత హెచ్.264 పద్ధతిలో, ఏళ్ల తరబడి వెనుకబడి ఉండేది. 2025లో వచ్చిన 9000 వరుసలో దాన్ని బాగానే సరిదిద్దారు. పైగా మీరు వెళ్తున్నది యూట్యూబ్‌కు. అది ఏవీ1 అనే కొత్త పద్ధతిని కూడా ప్రత్యక్ష ప్రసారానికి ఒప్పుకుంటుంది, సెకనుకు అన్నే మెగాబిట్లు పంపినా ఇంకా స్పష్టమైన బొమ్మ వస్తుంది. ఈ రెండు కార్డులూ ఏవీ1 ఎన్‌కోడ్ చేయగలవు.

పాత కార్డు ఎవరైనా చవకగా ఇస్తామంటే ఒక్క జాగ్రత్త చెబుతాను. ఆర్‌ఎక్స్ 6400, ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ కార్డుల్లో ఎన్‌కోడర్ అసలు లేదు. ఆట ఆడతాయి, ప్రసారం మాత్రం ప్రాసెసర్ నెత్తిన పడుతుంది. అప్పుడు మీ షాపువాళ్ల మాటే నిజమవుతుంది.

ప్రాసెసర్‌గా ఏఎమ్‌డీ రైజెన్ 5 7600 పెట్టుకోండి. 6 కోర్లు, 65 వాట్ల తరగతి. మీ పనికి ఇది చాలు. దాదాపు ఇదే ప్రాసెసర్ 7500ఎఫ్ అన్న పేరుతో కాస్త తక్కువకు దొరుకుతుంది. దానిలో లోపలి గ్రాఫిక్స్ ఉండదు, ఇంటెల్‌లోనూ ఎఫ్ అక్షరానికి అర్థం అదే. నేనైతే ఆ రెండు వేలకు ఆశపడను. గ్రాఫిక్స్ కార్డు చెడిపోయి వారంటీకి పంపితే తిరిగి రావడానికి వారాలు పట్టవచ్చు. అన్ని రోజులూ కంప్యూటర్ చీకటిగా కూర్చోవడం కంటే, తెర వెలిగి మెయిళ్లయినా చూసుకోగలగడం నయం. ఈ ప్రాసెసర్ కూర్చునే ఏఎమ్5 సాకెట్‌ను ఏఎమ్‌డీ 2022లో తెచ్చింది, 2027 దాకా కొత్త ప్రాసెసర్లు ఇస్తామని ప్రకటించింది. మూడేళ్ల తర్వాత మీకు జీతం పెరిగితే ప్రాసెసర్ ఒక్కటే మార్చుకోవచ్చు, బోర్డు అదే ఉంటుంది. బోర్డు బీ650 రకంలో మధ్యస్థమైనది చాలు. బోర్డు కొనేటప్పుడు సాకెట్ మూత తీసి చూపించమనండి. ఏఎమ్5లో సన్నని పిన్నులు ప్రాసెసర్‌కు ఉండవు, బోర్డుకు ఉంటాయి. ఒక్కటి వంగి ఉన్నా వారంటీ చెల్లదంటారు, ఇంటికి వచ్చాక వంగినది ఎవరివల్ల అన్న వాదన మీరు గెలవలేరు.

ర్యామ్ దగ్గర మాత్రం కాలం కలిసిరాలేదు. 2025 చివరి నుంచి మెమరీ ధరలు కొండెక్కి కూర్చున్నాయి, ఏఐ కోసం కడుతున్న డేటా సెంటర్లు చిప్పులను ఎగరేసుకుపోతున్నాయి. అంతకుముందు అయితే కళ్లు మూసుకుని 32 జీబీ రాసేవాణ్ణి. ఇప్పటికీ గేమూ ఓబీఎసూ బ్రౌజరూ కలిసి నడవాలంటే 32 హాయి, 16తో సర్దుకోవచ్చు. మీ బడ్జెట్‌లో 16 జీబీ ముక్కలు రెండు పడితే అవే తీసుకోండి, డీడీఆర్5 6000 వేగం, సీఎల్30 (ర్యామ్ స్పందించడానికి పట్టే ఆలస్యాన్ని చెప్పే అంకె). పట్టకపోతే 8 జీబీవి రెండు కొనకుండా 16 జీబీది ఒకటి కొని, ధరలు దిగాక అదే మోడల్ ఇంకొకటి చేర్చండి. ఒక్క ముక్కతో ఆట వేగం కొంత తగ్గుతుంది, ఆ కొన్నాళ్లు ఓర్చుకోవాలి. ఎందుకంటే డీడీఆర్5లో నాలుగు ముక్కలు గుచ్చితే బోర్డు వాటిని పూర్తి వేగంతో నడపలేక కిందికి దించుతుంది. 8+8తో మొదలుపెడితే చివరికి ఆ గోతిలోనే పడతారు.

ర్యామ్ బిగించాక బయాస్‌లో ఎక్స్‌పో అన్నదాన్ని ఆన్ చేయాలి. లేకపోతే 6000కు డబ్బిచ్చి 4800 దగ్గరే నడుపుతుంటారు. మొదటిసారి స్విచ్ వేసినప్పుడు కొన్ని నిమిషాలపాటు తెర నల్లగానే ఉంటుంది, బోర్డు ర్యామ్‌ను పరీక్షించుకుంటుంటుంది. చెడిపోయిందనుకుని కంగారుపడి స్విచ్ ఆపేవాళ్లను చూశాను. టీ తాగి రండి.

ఇప్పుడు మీ కొటేషన్‌లో అందరికంటే చివర, అనామకంగా ఉన్న వస్తువు దగ్గరికి వద్దాం, గోడ కరెంటును లోపలి భాగాలన్నిటికీ పంచే పెట్టె అది. 500 వాట్ల ఎస్‌ఎంపీఎస్. ఎవరు చేసింది? ఎన్నేళ్ల వారంటీ? దాని మీద రాసిన 500ను ఎవరూ తూచి చూడరు. తేలికగా, అట్టపెట్టెలా ఉండే ఎస్‌ఎంపీఎస్ చెడిపోయేటప్పుడు ఒంటరిగా పోదు, బోర్డునో కార్డునో వెంట తీసుకుపోతుంది. లెక్క చూడండి: రైజెన్ 5 7600 గట్టిగా పనిచేస్తే 88 వాట్లు, 9060 ఎక్స్‌టీ 16 జీబీ సుమారు 160, 5060 టీఐ అయితే 180, మిగతావన్నీ కలిపి 60 వేసుకోండి. మొత్తం 300 పైచిలుకు. కార్డు క్షణకాలం ఒక్కసారిగా లాగే ఉరవడికి, మున్ముందు మార్పులకు చోటు వదిలి పేరున్న కంపెనీ 650 వాట్లది, కనీసం అయిదేళ్ల వారంటీ ఉన్నది తీసుకోండి. 80 ప్లస్ బ్రాంజ్, గోల్డ్ ముద్రలు కరెంటు పొదుపు గురించే చెబుతాయి. లోపలి సరుకు మన్నికకు అవి హామీ కావు, ఆ సంగతి చెప్పేది వారంటీ కాలమే. ఇంకొకటి: తీగలు విడదీసే రకం ఎస్‌ఎంపీఎస్‌కు వేరే కంపెనీ తీగలు ఎప్పుడూ తగిలించవద్దు. కొస ఒకేలా ఉన్నా లోపల పిన్నుల వరస వేరు, ఒక్క క్షణంలో ఎస్‌ఎస్‌డీ కాలిపోతుంది.

ఎస్‌ఎంపీఎస్ వరకు వచ్చాం కాబట్టి గోడ దగ్గరికి కూడా వెళ్దాం. మీ ఇంట్లో ఎర్తింగ్ ఉందా? ప్లగ్గులో మూడో రంధ్రం ఉండడం వేరు, దాని వెనుక తీగ ఉండడం వేరు. పాత ఇళ్లలో, అద్దె పోర్షన్లలో ఆ రంధ్రం ఉత్త అలంకారం. ఎస్‌ఎంపీఎస్ లోపల ఫేజు నుంచి ఒకటి, న్యూట్రల్ నుంచి ఒకటి చిన్న కెపాసిటర్లు క్యాబినెట్ లోహానికి కలిపి ఉంటాయి, విద్యుత్ రొదను భూమిలోకి వదలడానికి. ఎర్త్ లేకపోతే ఆ లోహం 230లో సగం వోల్టేజి దగ్గర తేలుతుంటుంది. చెప్పుల్లేకుండా నిలబడి క్యాబినెట్‌ను తాకితే చీమ కుట్టినట్టు ఉండేది అందుకే. కొన్నేళ్ల క్రితం నేను అద్దెకున్న ఇంట్లో టీవీకి హెచ్‌డీఎమ్ఐ తీగ తగిలిస్తుండగా చిటుక్కుమంది, గ్రాఫిక్స్ కార్డు పోర్టు ఒకటి పోయింది. నెల రోజులు కార్డును తిట్టుకున్నాను, తప్పు గోడది. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి మీటరుతో కొలిపించండి. ఫేజుకూ ఎర్తుకూ మధ్య 230 దరిదాపుల్లో, న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య రెండు మూడు వోల్టులకు మించకుండా రావాలి. ఇది లక్ష రూపాయల వస్తువు ఇంటికి రాకముందే జరగాల్సిన పని.

యూపీఎస్ కూడా మీ లక్షా పదివేలలోనే ఉండాలి, తర్వాత చూద్దామనుకునే వస్తువు కాదు. 600 వీఏ అని రాసి ఉన్నది చాలామట్టుకు 360 వాట్లే మోస్తుంది. మీ కంప్యూటర్, మానిటర్ కలిసి గోడ నుంచి 350–400 వాట్లు లాగుతాయి. ఆట మధ్యలో కరెంటు పోగానే అది కీచుమని అరిచి ఆరిపోతుంది. 1000 లేదా 1100 వీఏ తీసుకోండి. కొత్త ఎస్‌ఎంపీఎస్‌లు కొన్ని చవక యూపీఎస్ ఇచ్చే మెట్ల కరెంటును ఇష్టపడవు, కాబట్టి షాపులోనే ప్లగ్గు పీకి చూపించమనండి. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కదా అని దానిమీద భారం వేయవద్దు. చాలా ఇన్వర్టర్లు మామూలు మోడ్‌లో మారడానికి తీసుకునే వ్యవధిని ఎస్‌ఎంపీఎస్ తట్టుకోలేదు, చదరపు తరంగం రకమైతే మరీ మంచిది కాదు. యూపీఎస్‌కు కంప్యూటర్‌తోపాటు ఇంటర్నెట్ రౌటర్‌ను కూడా కలపండి. మీ కంప్యూటర్ వెలుగుతూ ఉండి రౌటర్ ఆరిపోతే చూసేవాళ్లకు రెండూ ఒకటే.

కూలర్, క్యాబినెట్ గురించి ఎక్కువ చెప్పను. 65 వాట్ల ప్రాసెసర్‌కు లిక్విడ్ కూలర్ అంటే గ్లాసు మజ్జిగకు గ్రైండర్ వాడడం. 7600తో పెట్టెలో ఒక చిన్న కూలర్ వస్తుంది. ఖమ్మం ఎండాకాలానికి అది రొద చేస్తుంది కాబట్టి టవర్ ఆకారంలో ఉండే గాలి కూలర్ ఒకటి, రెండు వేల లోపుది చాలు. క్యాబినెట్ ముందు గాజు వద్దు, జాలీ కావాలి. గాజు వెనుక ఏడు ఫ్యాన్లు తిరిగినా అవి మింగడానికి గాలి ఉండదు. ముందు రెండు లోపలికి, వెనుక ఒకటి బయటికి ఉంటే సరి. వెనుక ఖాళీ స్లాట్లకు రేకు మూతలు అన్నీ ఉన్నాయో లేదో చూడండి. నవ్వకండి, వెచ్చగా ఉందని ఆ సందుల్లోంచి బల్లులు దూరతాయి. తర్వాత జరిగేది బల్లికీ మంచిది కాదు, బోర్డుకూ మంచిది కాదు.

ఎస్‌ఎస్‌డీ 512 జీబీ చాలదు. ఇప్పటి పెద్ద గేము ఒక్కొక్కటి 100 జీబీ దాటుతోంది. ప్రసారంతోపాటు మంచి నాణ్యతలో రికార్డు కూడా చేసుకుంటే, 40 మెగాబిట్ల చొప్పున గంటకు 18 జీబీ. 1 టీబీ ఎన్‌వీఎమ్ఈ రకం ఎస్‌ఎస్‌డీ తీసుకోండి, అత్యంత వేగం అవసరం లేదు.

మీ బావగారి సంగతి. 9060 ఎక్స్‌టీ 16 జీబీని 2025 జూన్‌లో అమెరికాలో 349 డాలర్లకు విడుదల చేశారు. డాలస్‌లో అమ్మకపు పన్ను 8.25 శాతం కలిపితే 378 డాలర్లు. రూపాయల్లోకి మార్చి, ఇక్కడ 18 శాతం జీఎస్‌టీతో వచ్చే ధర పక్కన పెట్టి చూడండి. మిగిలేది కొన్ని వేలే. ఆ కొన్ని వేలకు మీరు వదులుకునేది వారంటీ. గ్రాఫిక్స్ కార్డుల వారంటీ సాధారణంగా కొన్న దేశానికే పరిమితం, ఇక్కడి సర్వీసు సెంటర్ సీరియల్ నంబరు చూసి తల అడ్డంగా ఊపుతుంది. చెడిపోతే మళ్లీ ఎవరో ఒకరు డాలస్ మోసుకెళ్లాలి. బావగారిని ఇలాంటి ఇరకాటంలో పెట్టకండి. ఆయనకు వేరే పని ఉంది, చివర చెబుతాను.

అమ్మగారికి ఈ లెక్క చూపించండి. 400 వాట్లు, రోజుకు 4 గంటలు అనుకుంటే 1.6 యూనిట్లు, నెలకు 48. అదీ ప్రతి రోజూ పూర్తి భారంతో ఆడితేనే. ఒకటిన్నర టన్నుల ఏసీ రోజూ గంటా గంటంపావు నడిచినట్టు. ఒక్క విషయంలో మాత్రం ఆవిడ భయం సబబే. మీకు గృహజ్యోతి కింద సున్నా బిల్లు వస్తుంటే, 200 యూనిట్లు దాటిన నెలలో మొత్తం బిల్లు కట్టాలి. ఇప్పుడు 160 దగ్గర ఉన్న ఇంటిని ఈ 48 అవతలికి తోసేస్తుంది. పాత బిల్లులు తీసి చూసుకుని, అవసరమైతే వారానికి నాలుగు రోజులే ప్రసారం అని పెట్టుకోండి. కొత్తలో రోజూ చేయాలన్న ఉబలాటం ఎలాగూ మూడో వారానికి తగ్గుతుంది.

కొనడానికి వీలైతే ఒక రోజు సెలవు పెట్టి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లండి. పొద్దున రైలెక్కితే రాత్రికి ఇల్లు చేరవచ్చు. నాలుగు షాపుల్లో ఒకే మోడల్ నంబర్లు చెప్పి ధర అడిగితే మీ ఊరి కొటేషన్ ఎక్కడుందో తెలిసిపోతుంది. తేడా రెండు మూడు వేలే అయితే ఖమ్మంలోనే కొనండి, రేపు ఏదైనా అయితే నడిచి వెళ్లగల షాపు విలువ అంతకంటే ఎక్కువ. ఎక్కడ కొన్నా జీఎస్‌టీ బిల్లులో ప్రతి వస్తువూ విడివిడిగా, సీరియల్ నంబర్లతో ఉండాలి. "అసెంబుల్డ్ కంప్యూటర్ – 1" అని ఒక్క వరసలో రాసిన బిల్లుతో వారంటీ అడగడం నరకం.

పాత మానిటర్‌ను పారేయకండి, ఓబీఎస్, చాట్ చూసుకోవడానికి రెండో తెర అవుతుంది. ఆటకు 144 హెర్ట్జ్ తెర తర్వాత కొనుక్కోవచ్చు. కొన్న రోజున తీగను గ్రాఫిక్స్ కార్డుకే గుచ్చారో లేదో, విండోస్ సెట్టింగ్స్‌లో 144 ఎంచుకున్నారో లేదో చూసుకోండి. 144 తెర కొని ఏడాదిపాటు 60లో ఆడినవాళ్లున్నారు. కెమెరా కొనవద్దు, ఆండ్రాయిడ్ ఫోనును విండోస్ 11 వెబ్‌క్యామ్‌గా వాడుకోనిస్తుంది. డబ్బు మిగిలితే మైకు మీద పెట్టండి. తెలుగు వ్యాఖ్యానం అంటున్నారు కాబట్టి మీ సరుకు గొంతే. గదిలో సీలింగ్ ఫ్యాను, బయట కోడి, పక్కింటి కుక్కర్ ఉన్నచోట అన్ని శబ్దాలనూ లాక్కునే కండెన్సర్ మైకు కంటే నోటికి దగ్గరగా పెట్టుకునే డైనమిక్ మైకు మేలు. మిగిలిన రొదను ఓబీఎస్‌లోని నాయిస్ సప్రెషన్ చాలావరకు అణుస్తుంది.

ఇంటర్నెట్ ప్లాన్‌లో మీరు చూడాల్సింది అప్‌లోడ్ వేగం. 6 మెగాబిట్లు నిలకడగా పంపాలంటే కనీసం 10 ఉండాలి, ఇంట్లో ఇంకొకరు వీడియో కాల్‌లో ఉంటే ఇంకా ఎక్కువ. గంటకు 2.7 జీబీ ఖర్చు, అది పెద్ద లెక్క కాదు. వైఫై మాత్రం వద్దు, రౌటర్ నుంచి తీగ లాగండి. వంద రూపాయల తీగ చేసే మేలు పదివేల ప్రాసెసర్ చేయదు.

అంతా బిగించాక ఓబీఎస్‌లో ఎన్‌కోడర్ దగ్గర ఎక్స్264 (అంటే ప్రాసెసర్‌తో చేయించేది) అని ఉంటే మార్చి కార్డు ఎన్‌కోడర్‌ను ఎంచుకోండి, కీఫ్రేమ్ వ్యవధి 2 సెకన్లు. స్టాట్స్ కిటికీని తెరిచి ఉంచండి. అక్కడ బొమ్మలు పోవడం మూడు చోట్ల విడివిడిగా కనిపిస్తుంది, మూడింటికీ మందు వేరు. నెట్‌వర్క్ దగ్గర పోతుంటే తప్పు ఇంటర్నెట్‌ది, కంప్యూటర్‌ను ముట్టుకోవద్దు. ఎన్‌కోడింగ్ దగ్గర పోతుంటే ఎన్‌కోడర్ అమరిక ఎక్కువైంది. రెండరింగ్ దగ్గర పోతుంటే గేము కార్డునంతా తినేసి ఓబీఎస్‌కు ఊపిరి ఆడనివ్వడం లేదు. గేములో ఫ్రేముల వేగానికి హద్దు పెట్టండి, ఓబీఎస్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరవండి. ఈ మూడో జబ్బుకే చాలామంది ప్రాసెసర్ మార్చేస్తుంటారు.

వాలరెంట్ ఆడేట్టయితే బయాస్‌లో సెక్యూర్ బూట్, టీపీఎమ్ ఆన్ చేసుకోండి, విండోస్ 11లో అవి లేకపోతే అది తెరుచుకోదు. యూట్యూబ్‌లో తొలిసారి ప్రత్యక్ష ప్రసారానికి అనుమతి రావడానికి 24 గంటల దాకా పట్టవచ్చు, ఫోను నంబరు ధ్రువీకరణ ముందురోజే చేసుకోండి.

ఇప్పుడు బావగారి పని. ఆయన పండగకు బయలుదేరకముందే ఒక ఆదివారం రాత్రి 9 గంటలకు అన్‌లిస్టెడ్‌గా రెండు గంటల ప్రసారం పెట్టి, లింకు ఆయనకొక్కరికే పంపండి. డాలస్‌లో అప్పుడు ఉదయం 9:30, కాఫీ వేళ. ఆట ఎలా ఆడారని అడగకండి. గొంతు వినిపించిందా, ఫ్యాను వినిపించిందా, బొమ్మ ఎన్ని నిమిషాల దగ్గర ఆగింది అన్నవి కాగితం మీద రాసి పంపమనండి. అదే సమయానికి మీ స్టాట్స్ కిటికీ ఏం చూపించిందో మీరూ రాసుకోండి. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూశాక ఇంకా అనుమానం మిగిలితే మళ్లీ రాయండి. ఈసారి మోడల్ నంబర్లతో.